చలనచిత్రమునకు కర్త యెవరు?

లేపాక్షి వీరభద్రాలయమును చూడని విద్యార్థి మన సీమలో అరుదు. పదునారవ శతాబ్దిలో విజయనగర ప్రభువుల కొలువున కోశాధికారిగా నుండిన విరూపణ్ణ దీనిని కట్టించెనని ప్రసిద్ధి. పైకప్పున చిత్రములు వ్రాసిన చేతులకు గాని, ఒక్క శిలయందు నందిని మలచిన యులికి గాని లోకమున పేరు నిలువలేదు. కట్టించినవాని పేరు మిగిలినది. కట్టినవారి పేర్లు రాళ్ళలో కలసిపోయినవి. ఇక నా యాలయము నెవరి కృతి యనవలెను?

ధర్మవరపు పట్టుచీర సంగతియు నిట్టిదే. పట్టునకు రంగు వేయువా రొకరు. పడుగు సిద్ధపరచువా రొకరు. అంచునకును కొంగునకును నమూనా గీయువా రొకరు. మగ్గమున కూర్చుండి నేయువా రొకరు. పెట్టుబడి పెట్టి అంగడిలో నమ్మువా రొకరు. చీర కట్టుకొన్న యిల్లాలు మాత్రము వీరిలో నెవరి పేరును చెప్పక, "ఇది ధర్మవరము చీర" యని యూరి పేరు చెప్పి యూరకుండును.

అనేకులు కలసి చేసిన పనికి కర్త యెవరను నీ ప్రశ్ననే చలనచిత్రమును గూర్చి యడుగవలెనని మా తలంపు. మన యూళ్ళలో సినిమా చూచి వచ్చిన బాలురను "అది యెవరి సినిమా?" యని యడిగిన, నూటికి తొంబదిమంది నాయక పాత్రధారి పేరు చెప్పుదురు. గోడమీది కాగితమునందును ఆతని ముఖమే పెద్దది. అయితే ఆతడు పలికిన మాట యొకరు వ్రాసినది. పాడినట్లు పెదవులు కదల్చిన పాట యొకరు పాడినది. ఆతని ముఖముపై పడిన వెలుగు ఇంకొకరు అమర్చినది. వీరందరిని ఒక్క త్రోవను నడపిన దర్శకుని పేరు తెర మీద కడపట వచ్చును. ఆ పేరు వచ్చువేళకు మనలో చాలమంది చోటు వెదకుకొనుచునో, వేరుసెనగలు కొనుక్కొనుచునో యుందుము.

మన సారస్వతము నేర్పిన పాఠము

ఈ చర్చ విదేశములనుండి వచ్చినదని కొందరు తలంతురు. పేరు విదేశీయమే గాని, దీని మూలమైన సందేహమును మనవారు పూర్వమే యెదుర్కొనిరి. భారతకథ వ్యాసునిది. అయినను నన్నయ తిక్కన యెర్రనలు తెనిగించిన దానిని మనము కవిత్రయ భారత మందుము. కథ పాతదే యైనను చెప్పిన తీరు క్రొత్తదైనచో చెప్పినవాడును కవియే యని తెలుగువారు దాదాపు వేయేండ్ల క్రిందటనే యంగీకరించిరి.

భాగవతము చూడుడు. అందు పంచమ స్కంధమును గంగనయు, షష్ఠమును సింగనయు, ఏకాదశ ద్వాదశములను నారయయు పూరించిరి. అయినను గ్రంథము పోతన భాగవతమే. ఇట్లనుటలో మిగిలిన మువ్వురికి అన్యాయము జరుగలేదు. గ్రంథమునందు వారి పేర్లు వారి భాగములకడ నున్నవి. ఒక కృతికి ప్రధాన కర్త యొకడుండవచ్చును, సహాయ కర్తలు పలువురుండవచ్చును, వారి పేర్లు చెరపబడక యుండవచ్చును. ఈ మూడు సంగతులను జ్ఞాపకముంచుకొని ముందునకు పోదము.

ఫ్రాన్సుదేశమున బుట్టిన వాదము

1948లో అలెగ్జాండర్ ఆస్ట్రుక్ అను ఫ్రెంచి రచయిత యొక వ్యాసము వ్రాసి, రచయితకు కలమెట్టిదో దర్శకునకు కెమెరా యట్టిదని ప్రతిపాదించెను. 1951లో ఆంద్రే బజా మొదలైనవారు పారిసు నగరమున "కాయే ద్యు సినిమా" యను పత్రికను స్థాపించిరి. 1954 జనవరి సంచికలో ఫ్రాన్స్వా త్రూఫో యను యువకుడు అందొక తీవ్రమైన వ్యాసమును ప్రకటించెను. అప్పటి కాతని వయస్సు ఇరువదియొక్క సంవత్సరములు మాత్రమే.

అతని యాక్షేపణ యిది. ఆనాటి ఫ్రెంచి సినిమాలలో పేరుగాంచినవి ప్రసిద్ధ నవలలకు అనువాదములు. సంభాషణలు వ్రాయు పండితులే వానికి యజమానులు. వారు కాగితముమీద ముగించిన దానికి దర్శకుడు బొమ్మలు చేర్చువాడు మాత్రమే. ఇట్టివానిని కర్త యనరాదు. తన లోకమును, తన దృష్టిని బొమ్మలలోనే పలికించు రెన్వార్, బ్రెసన్ వంటివారే కర్తలు. త్రూఫో మిత్రులు దీనిని మరికొంత ముందునకు నడపిరి. పెద్ద కంపెనీలయొద్ద జీతమునకు పనిచేయుచు, ఇతరులు వ్రాసిన కథలనే తీసిన హిచ్‌కాక్, హాక్స్ వంటి అమెరికా దర్శకుల చిత్రములను వరుసగా చూచి, కథలు వేరైనను చూచు కన్ను ఒక్కటే యని వారు వాదించిరి. 1962లో ఆండ్రూ సారిస్ అను అమెరికా విమర్శకు డీ యభిప్రాయమును ఒక సిద్ధాంతముగా నిరూపింప బూనెను. దర్శకునకు పనియందు నేర్పుండవలెను. చిత్రచిత్రమునను గుర్తింపదగిన యొక శైలి యుండవలెను. ఆ శైలి వెనుక నొక యంతరార్థ ముండవలెను. ఆతడు పెట్టిన మూడు పరీక్ష లివి.

ఎదురువాదములును వెంటనే పుట్టినవి. 1957లోనే బజా తన శిష్యులను హెచ్చరించెను. మనిషిని పూజించుటలో బడి ఆతని చెడ్డ చిత్రమును సయితము మంచిదను ప్రమాద మున్నదని యాతని భావము. 1963లో పాలిన్ కేల్ అను విమర్శకురాలు సారిస్‌ను ఖండించుచు, ఒకనిని గుర్తుపట్టగలుగుట వేరు, ఆతని పని గొప్పదగుట వేరు అని వాదించెను. 1971లో నామెయే "సిటిజన్ కేన్" చిత్రమునకు ఘనత దర్శకుడైన ఆర్సన్ వెల్స్‌కంటె రచయితయైన మాంకివిచ్‌కు చెందవలెనని వ్రాయగా, ఇతరులు ఆధారములు చూపి వెల్స్‌కును రచనలో భాగము కలదని ప్రత్యుత్తర మిచ్చిరి. వాద మింకను ముగియలేదు.

పెన్నానది యొడ్డు దర్శకుడు

సిద్ధాంతమును దూరదేశపు పేర్లతో వల్లించిన ప్రయోజనము లేదు. మన కనగానపల్లికి పొరుగున పేరూరు ఆనకట్టను దాటిపోవు పెన్నానది, మరికొంత దూరము పారి తాడిపత్రిని చేరును. ఆ తాడిపత్రిలో 1912లో కదిరి వెంకటరెడ్డిగారు జన్మించిరి. లోక మాయనను కె. వి. రెడ్డి యని యెరుగును. ఆ యూరివాడే యైన మూలా నారాయణస్వామిగారు వాహినీ సంస్థకు ధనసహాయమై నిలిచి, 1948లో మదరాసున వాహినీ స్టూడియోను నెలకొల్పిన ప్రముఖులలో నొకరు. రెడ్డిగారు వాహినిలో తొలుత నిర్మాణ వ్యవహారములు చూచుచు, లెక్కలు వ్రాయుచు, చిత్రము తీయు పనిని క్రిందినుండి నేర్చుకొనిరి. 1943లో "భక్త పోతన"తో దర్శకులైరి. తరువాత 1947లో "యోగి వేమన", 1949లో "గుణసుందరి కథ", 1951లో "పాతాళభైరవి", 1954లో "పెద్దమనుషులు", 1955లో "దొంగరాముడు", 1957లో "మాయాబజార్", 1961లో "జగదేకవీరుని కథ" వెలువడినవి. వేమన సమాధి కదిరికి సమీపమున కాటారుపల్లిలో నున్నదని మన విద్యార్థు లెరిగినదే. ఆ యోగి కథను తెరకెక్కించినవాడును మన సీమవాడే యగుట సంతోషకరము. రెడ్డిగారు 1972లో స్వర్గస్థులైరి.

ఆయన పనిచేయు తీరును ఆయనయొద్ద నేర్చుకొన్నవారు పలుమార్లు చెప్పియున్నారు. చిత్రానువాదము అక్షరాల ముగియనిదే కెమెరా కదల్చెడివారు కారు. సన్నివేశములను ముందుగా చదివించి, స్టాపువాచి చేతబట్టి యొక్కొక్కదాని నిడివిని లెక్కించెడివారు. ఇట్లు లెక్కించి తీసినందున, తీసిన ఫిలిమును తరువాత కోసి పారవేయవలసిన యవసరము తక్కువయ్యెను. లెక్కల పుస్తకము వ్రాసినవాని క్రమశిక్షణ దర్శకునియందు నిలిచినదని మేము తలంతుము. "మాయాబజార్"కు సహాయకుడుగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావుగారు పిమ్మట 1987లో మాటలే లేని "పుష్పక విమానము"ను తీసి దేశమున ఖ్యాతి గాంచిరి.

ముద్ర యెచ్చట నున్నది?

సారిస్ పెట్టిన మూడవ పరీక్షను మనము రెడ్డిగారి చిత్రములకు పెట్టి చూతము. ఆయన చిత్రములు పైకి ఒకదానితో నొకటి పోలవు. ఒకటి భక్తుని కథ, ఒకటి జానపదము, ఒకటి పురాణము, ఒకటి పురపాలక సంఘపు రాజకీయము. అయినను ఓపికగా చూచినవారి కొక్క దారము కనబడును. అది వేషమునకును నిజమునకును గల వ్యత్యాసము.

"గుణసుందరి కథ"లో ముగ్గురు కుమార్తెలు గల రాజు తీపి మాటలను ప్రేమ యనుకొని, నిజము చెప్పిన చిన్న కూతును కుంటి గ్రుడ్డివానికి కట్టబెట్టును. ఆ కురూపి వేషము వెనుక శాపగ్రస్తుడైన యొక సుందరుడు దాగియున్నాడు. "పాతాళభైరవి"లో మాంత్రికుడు మేలు చేయువానివలె చేరదీసి తోటరాముని బలి యీయ దలచును. "పెద్దమనుషులు" చిత్రమున ఊరికి పెద్దలైనవారే దొంగలు. తిక్కశంకరయ్య యను పిచ్చివాడు మాత్రమే నిజము పలుకును. "దొంగరాముడు"లో దొంగ యని పేరుపడినవాని లోపల మంచి యన్న యున్నాడు. "మాయాబజార్"లో ఘటోత్కచుడు శశిరేఖ రూపము ధరించి పెండ్లివారిని ఆటపట్టించును. అందలి ప్రియదర్శిని యను పేటిక తెరచినవారికి తమకు ప్రియమైనదానిని చూపును. సత్యపీఠము తనమీద నిలిచినవానిచేత నిజము కక్కించును. కపటమునకు గురువైన శకుని కడపట నా పీఠముమీదనే పట్టుబడును.

ఇది రచయితది కారాదా? అగవచ్చును. "గుణసుందరి కథ", "పాతాళభైరవి", "మాయాబజార్" పింగళి నాగేంద్రరావుగారి రచనలు. కాని "పెద్దమనుషులు" చిత్రమునకు వ్రాసినవారు డి. వి. నరసరాజుగారు. దానికి మూలస్ఫూర్తి నార్వే నాటకకర్తయగు ఇబ్సెన్ కృతి. "దొంగరాముడు" మరియొక సంస్థకు తీసినది. రచయితలు మారినను, సంస్థలు మారినను, దారము తెగలేదు. మారనివాడు దర్శకు డొక్కడే. త్రూఫో మిత్రులు హిచ్‌కాక్ విషయమున జేసిన వాదమే యిది, తాడిపత్రివానికిని సరిపోవుచున్నది.

మరియొక నిదర్శనము. శశిరేఖా పరిణయ కథ వ్యాసభారతమున లేదు. మన నాటక సమాజముల వారు చిరకాల మాడినది. 1936లోనే పి. వి. దాసుగారు దానిని సినిమాగా తీసిరి. అనగా 1957 నాటికి కథ ప్రేక్షకులకు కంఠస్థము. అట్టి కథలో రెడ్డిగారు, పింగళివారు కలసి చేసిన సాహస మేమనగా, పాండవుల కథలో పాండవులలో నొక్కరిని కూడ తెరపై చూపకుండుట. వారిని గూర్చి మాటలాడుదురే కాని వారు రారు. చాలమంది చిత్రము రెండుమార్లు చూచిన పిమ్మటగాని యీ సంగతిని గమనింపరు. ఏది చూపవలెనో నిర్ణయించుట యెట్లో, ఏది చూపరాదో నిర్ణయించుటయు నట్లే కర్తృత్వము.

ఎదురు లెక్క

ఒక పక్షమునే విని తీర్పు చెప్పుట న్యాయము గాదు. "మాయాబజార్"కు వెన్నెల నిచ్చినది మార్కస్ బార్ట్‌లీ కెమెరా. నౌకావిహారపు పాటలో నీటిమీద మెరయు నా వెలుగును చూచి, అది యంత్రముతో సృష్టించినదని నమ్మనివారు నేటికిని గలరు. ద్వారకను, మాయానగరమును గీసి నిలిపినవారు మా. గోఖలే, కళాధర్ గార్లు. సాలూరు రాజేశ్వరరావుగారు తొలుత కొన్ని పాటలకు వరుసలు కట్టి తప్పుకొనగా, సంగీత భారమును ఘంటసాలగారు వహించి పూర్తిచేసిరి. అసమదీయులు, తసమదీయులు అను మాటలను పింగళివారు పుట్టింపగా తెలుగువా రందరు వాడుకొనిరి. శశిరేఖ దేహములో ఘటోత్కచుని నడకను చూపినది సావిత్రి, ఎస్. వి. రంగారావుగారి ఠీవిని ఆ బాలిక మేనిలో చూచి ప్రేక్షకులు నవ్విరి. ఖర్చునకు వెనుదీయనివారు నిర్మాతలైన నాగిరెడ్డి, చక్రపాణి గార్లు. వీరిలో నెవరిని తీసివేసినను మనమెరిగిన "మాయాబజార్" ఉండదు.

అట్లయిన సంస్థయే కర్త యనవచ్చునా? దీనికి ప్రకృతి యొక పరీక్షను తానే పెట్టినది. విజయా సంస్థ 1951లో "పాతాళభైరవి"ని, 1954లో "చంద్రహారము"ను తీసినది. రెండును జానపదములు. రెండింటికిని నిర్మాతలు వారే, రచయిత పింగళివారే, సంగీతము ఘంటసాలగారిదే, కెమెరా బార్ట్‌లీదే, నాయకుడు రామారావుగారే. దర్శకుడు మాత్రము వేరు. రెండవదానికి కమలాకర కామేశ్వరరావుగారు. మొదటిది దేశమంతట విజయఢక్కా మ్రోగించినది. 1952లో బొంబాయిలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవమునను ప్రదర్శింపబడినది. రెండవదానిని ప్రజ లాదరింపలేదు. కూర్పరి మారిన పూసలు హారము కాలేదని యొకరు చెప్పవచ్చును.

తొందరపడరాదు. ఆ కామేశ్వరరావుగారే 1962లో అదే సంస్థకు "గుండమ్మ కథ"ను తీయగా అది ఇంటింట వెలసినది. ఇక రెడ్డిగారు తమ కలవాటైన సంస్థలోనే, పింగళివారి రచనతోనే, రామారావుగారితోనే 1968లో తీసిన "ఉమా చండీ గౌరీ శంకరుల కథ" విఫలమయ్యెను. కాలము మారెను, ప్రజల రుచి మారెను. దర్శకుడు కర్త యగుటచేతనే ప్రతి చిత్రము గెలువదు. ప్రజాదరణము కర్తృత్వమునకు కొలబద్దయును గాదు. ఈ పరీక్షలవలన దేలిన దింతియే: మంచి సామగ్రి యంతయు నుండియు చిత్రము చెడవచ్చును, అట్లే మంచి దర్శకు డుండియు చెడవచ్చును. రెండును కలసినపుడే "మాయాబజార్" పుట్టును.

చట్ట మేమనుచున్నది?

ఇది పండితులు ప్రొద్దుపుచ్చుటకు చేయు వాదము మాత్రమే యని యెవరైన నన్న, వారు మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టమును చూడవలెను. ఆ చట్టము ప్రకారము చలనచిత్రమునకు "కర్త" నిర్మాత. 2010లో పార్లమెంటున ప్రవేశపెట్టిన సవరణ బిల్లులో ముఖ్య దర్శకునికిని కర్తృత్వమున భాగ మీయవలెనని ప్రతిపాదించిరి. 2012లో చట్టము నెగ్గునప్పటికి ఆ భాగము తొలగింపబడెను. పాటలు వ్రాసినవారికిని, వరుసలు కట్టినవారికిని ఆదాయమున వాటా పొందు హక్కు ఆ సవరణవలన దక్కినది; దర్శకునికి మాత్రము కర్త యను పేరు దక్కలేదు. ఐరోపా సమాఖ్య దేశములలో ముఖ్య దర్శకుడు చిత్రకర్తలలో నొకడని చట్టమే చెప్పును. లేపాక్షిని గూర్చి మన మడిగిన ప్రశ్నకు మన చట్టము విరూపణ్ణ పక్షమున తీర్పు చెప్పినదన్నమాట.

ఈ భేదమువలన నేమి కలుగునో యొక యుదాహరణము. అమెరికా దర్శకుడు జాన్ హ్యూస్టన్ 1950లో "ది ఆస్ఫాల్ట్ జంగిల్" అను చిత్రమును నలుపు తెలుపులలో తీసెను. హక్కులు గల కంపెనీ తరువాత దానికి రంగులు వేయించెను. 1987లో హ్యూస్టన్ మరణించెను. రంగుల ప్రతిని ఫ్రాన్సులో టెలివిజనున ప్రసారము చేయబోగా, ఆతని సంతానమును, చిత్ర రచయితలలో నొకడైన బెన్ మాడోయు న్యాయస్థానమున కెక్కిరి. 1991లో ఫ్రాన్సు ఉన్నత న్యాయస్థానము వారి పక్షమున తీర్పు చెప్పినది. కర్తల యనుమతి లేక కృతి రూపమును మార్చరాదని దాని సారాంశము. దర్శకుడును రచయితయు నిరువురును అచ్చట కర్తలుగా నిలబడుట గమనింపదగినది.

మన "మాయాబజార్"ను 2010లో రంగులద్ది, క్రొత్తగా విడుదల చేసిరి. క్రొత్త తరమువారు థియేటరులకు పోయి చూచి యానందించిరి. పాత చిత్రమునకు మరల నూపిరి వచ్చినదని సంతసించినవారు కలరు. అయితే 1957లో బార్ట్‌లీ వెన్నెలను నలుపు తెలుపుల మధ్య నున్న నూరు బూడిద వన్నెలతో నేసెను. ఆ నేతమీద మరియొకరు రంగు వేయవచ్చునా? 2010 నాటికి రెడ్డిగారును లేరు, బార్ట్‌లీయును లేడు. వారి నడుగుటకు వీలు లేదు. అడుగవలెనని నిర్బంధించు చట్టమును లేదు. "రంగుల వలన చిత్రము బ్రతికినది" యనువారిలోను, "మూలము మూలముగా నుండవలెను" అనువారిలోను న్యాయము కలదు. మూలపు ప్రతి చెడకుండ దాపబడి, కోరినవారికి చూడ దొరకునట్లుండిన, రంగుల ప్రతి యుండుటవలన హాని తక్కువ యని మా యభిప్రాయము. కాని యెవరి నడిగి వేసిరను ప్రశ్నను మాత్రము విడువరాదు.

వ్యాకరణము చూపు దారి

ఈ చిక్కును విప్పుటకు మా కొక సాధనము తరగతి వ్యాకరణముననే దొరకినది. "శిల్పి గుడి కట్టెను." ఇందు కర్త శిల్పి. "విరూపణ్ణ శిల్పిచేత గుడి కట్టించెను." ఇందు కర్తలిద్దరు. చేయించువాడు ప్రయోజక కర్త. చేయువాడు ప్రయోజ్య కర్త. ప్రేరణార్థక మెంత పెద్దదైనను వ్యాకరణము శిల్పిని కర్తృత్వమునుండి తొలగింపదు. "చేత" యను విభక్తి నిచ్చి యాతనిని వాక్యముననే నిలుపును.

దర్శకుడు పాడడు, పాడించును, ఆడడు, ఆడించును, వ్రాయడు, వ్రాయించును, వెలుగు పెట్టడు, పెట్టించును. కావున నాతడు ప్రయోజక కర్త. నిర్మాతయు ప్రయోజక కర్తయే గదా యని యడుగవచ్చును. నిజమే, కాని నిర్మాత చిత్రమును తీయించును, దర్శకుడు తీయును. "కె. వి. రెడ్డిగారు మాయాబజార్ తీసిరి", "నాగిరెడ్డి చక్రపాణిగార్లు తీయించిరి" అని మన ప్రజలు వాడుకలోనే భేదమును పాటింతురు. పండితులు పారిసున నలువది పుటలలో వాదించిన దానిని మన భాష యొక్క క్రియాపదములో నిమిడ్చినది.

కాబట్టి మా నిర్ణయ మిది. చిత్రము నొక్క కంటితో చూచి, అనేకుల పనిని ఒక్క యర్థమునకు కుదిర్చినవాడు దర్శకు డైనప్పు డాతడే ప్రధాన కర్త. అట్టి కన్ను లేక కాగితముమీది దానిని ఫిలిముమీదికి నెక్కించిన దర్శకుడు పనివాడు మాత్రమే. కొన్ని చిత్రములకు రచయితయు, కొన్నింటికి నిర్మాతయు ప్రధానుడు కావచ్చును. చక్రపాణిగారి చేయి గల హాస్యచిత్రములలో నిర్మాత ముద్ర స్పష్టము. బాపు రమణల వలె నిరువురును విడదీయరాని కర్తలగుటయు గలదు. ఎవరు ప్రధాను లన్నది చిత్రమును చూచి, వరుసగా మరికొన్నింటితో పోల్చి, సాక్ష్యముతో చెప్పవలసినదే గాని పేరు ప్రతిష్ఠలను బట్టి చెప్పునది కాదు.

విద్యార్థులకు అభ్యాసము

1. ఈ సెలవులలో ఒకే దర్శకుడు తీసిన మూడు చిత్రములను చూడుడు. మూడింటను మరల మరల వచ్చు నొక సంగతిని కనుగొని, ఒక్కొక్క చిత్రమునుండి యొక్కొక్క నిదర్శనముతో వ్రాయుడు. రచయిత యొక్కడేనా, వేర్వేరుగురా యని కూడ చూడుడు.

2. చిత్రము ప్రారంభమున వచ్చు పేర్లను పూర్తిగా చదివి, మీ రింతకుముందు వినని యైదు పేర్లను, వారు చేసిన పనిని వ్రాసికొనుడు.

3. మన పాఠశాల వార్షికోత్సవమున నాటక మాడినపుడు తెర లాగినవారు, వేషములు వేసినవారు, మాటలు అందించినవారు ఎవరో చెప్పుడు. వారి పేర్లు కార్యక్రమ పత్రమున నుండవలెనా? ఏల?

4. "మాయాబజార్" నలుపు తెలుపుల ప్రతినుండియు, రంగుల ప్రతినుండియు నౌకావిహార సన్నివేశమును చూచి, దేనియందు వెన్నెల బాగుగా నున్నదో పది పంక్తులలో కారణముతో వ్రాయుడు.

తలిదండ్రుల కొక మనవి. పిల్లలు సినిమా చూచి వచ్చినపుడు "ఎవరు నటించిరి?" యను ప్రశ్నకు తోడు "ఎవరు తీసిరి, ఎవరు వ్రాసిరి, ఎవరు చిత్రించిరి?" యనియు నడుగుడు. లేపాక్షి చిత్రకారుల పేర్లు నిలుపుట మన చేతిలో లేదు. మన కాలమున పని చేసినవారి పేర్లు నిలుపుట మాత్రము మన చేతిలోనిదే. దానికి కావలసినది పేర్లు వచ్చువేళకు తెరవైపు చూచుట.